పడవ ఎడమకు ఒరిగితే ఇంజిన్‌ను తిట్టకండి

ఒంటి ఇంజిన్ స్పీడ్‌బోటు నడిపేవాళ్లలో ఎవరిని కదిలించినా ఒకే మాట వినిపిస్తుంది: ‘టార్క్ లాగేస్తోందండీ’. టార్క్ అంటే తిప్పుడు బలం. పడవ ఎడమకు ఒరిగితే టార్క్. స్టీరింగ్ చేతిలో నిలవకపోతే టార్క్. రివర్స్ వేసినప్పుడు వెనుక భాగం పక్కకు జరిగిపోతే టార్క్. మంచి వేగంలో పడవ అటూ ఇటూ దొర్లడం మొదలుపెట్టినా మళ్లీ అదే. ఇవి నాలుగూ వేరు వేరు సంగతులు. చుట్టరికం ఉంది, నిజమే. కానీ ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి పనికిరాదు, కొన్నిసార్లు ఎదురు తిరుగుతుంది కూడా. పేరు ఒకటే పెట్టుకున్న పాపానికి జనం స్టీరింగ్ లాగుతోందని ప్రొపెల్లర్ మార్చేస్తారు, ఒరుగుతోందని, పడవ వెనుక అంచున ఉండి వాలుడు సరిచేసే పలకలైన ట్రిమ్ ట్యాబ్‌లు బిగించేస్తారు. డబ్బు పోతుంది, రోగం ఉంటుంది.

ముందుగా ఇంజిన్ మీద ఉన్న అపవాదు తొలగించాలి. ‘పెద్ద ఇంజిన్ పెట్టావు, దాని టార్క్‌కే పడవ ఒరుగుతోంది’ అంటారు. పడవ వెనుక గోడకు బయట తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్టు, అంటే ఇంజిన్ తిప్పే ప్రధాన ఇరుసు, నిలువుగా ఉంటుందని గుర్తు చేసుకుంటే ఈ మాటలోని లొసుగు తెలిసిపోతుంది. ఇంజిన్ తిప్పుడు బలమే నేరుగా పడవ మీద పనిచేస్తే పడవ తన చుట్టూ తాను తిరగాలి గాని పక్కకు ఒరగడం ఎందుకు? ఇంజిన్ పుట్టించిన మెలిక అంతా ఇంజిన్ కాలు, అంటే నీటిలోకి దిగే నిలువు భాగం, లోపలే, పై భాగానికీ కింది గేర్ పెట్టెకూ మధ్య తెగిపోతుంది. పడవను ఒరిగించాలంటే బయటినుంచి ఎవరో పట్టుకుని మెలితిప్పాలి. ఆ పట్టుకునేది నీరు. నీరు పట్టుకునేది ప్రొపెల్లర్‌ను. డ్రిల్లింగ్ మెషీన్‌తో గోడకు బెజ్జం పెడుతున్నప్పుడు బిట్ లోపల ఇరుక్కుంటే మణికట్టు ఎలా తిరిగిపోతుందో ఎరిగినవాళ్లకు ఇంతకన్నా వివరణ అక్కరలేదు. గోడ గట్టిగా పట్టుకున్నప్పుడే చెయ్యి మెలిపడుతుంది, మెషీన్ గాలిలో ఊరికే తిరుగుతున్నప్పుడు ఏమీ కాదు.

లెక్క కూడా చూద్దాం. 300 హార్స్‌పవర్ అంటే సుమారు 224 కిలోవాట్లు. నిమిషానికి 5800 చుట్లు తిరిగే ఇంజిన్‌లో అంత శక్తి వస్తోందంటే క్రాంక్ దగ్గర టార్క్ సుమారు 370 న్యూటన్ మీటర్లు. కింద గేర్ నిష్పత్తి 1.75 అనుకుంటే ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 3300 చుట్లు తిరుగుతుంది, గేర్లలో పోయే కొద్దిపాటి నష్టం పక్కన పెడితే దాని దగ్గర టార్క్ 645 న్యూటన్ మీటర్లకు చేరుతుంది. పడవ మీద పడేది ఈ రెండో సంఖ్య. ఇది ఎంత? 75 కిలోల మనిషి పడవ నడిమి గీతకు 90 సెంటీమీటర్లు కుడిగా కూర్చుంటే అతని బరువు పడవను కుడికి ఒరిగించే బలం సుమారు 660 న్యూటన్ మీటర్లు.

అంటే ఇంత పేరుమోసిన 300 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి థ్రాటిల్‌లో చేసే అల్లరి ఒక మనిషి నడిమధ్యనుంచి పక్క కుర్చీకి మారినంత. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసినప్పుడు నాకే నమ్మబుద్ధి కాక రెండోసారి వేశాను.

అదే ఇంజిన్‌కు బరువైన పడవల కోసం తయారయ్యే 2.33 నిష్పత్తి గేర్లు పెడితే ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరుగుతుంది, టార్క్ 860 దాకా పోతుంది. ఇంజిన్ అదే, హార్స్‌పవర్ అదే, ఒరుగుడు మాత్రం మూడో వంతు ఎక్కువ. ఇంజిన్ మూత మీద రాసిన అంకె చూసి ఒరుగుడును అంచనా వేసేవాళ్లు గేర్ నిష్పత్తి ఎంతో ఎప్పుడూ అడగరు. విద్యుత్ మోటార్లు వచ్చాక ఇంకో మాట మొదలైంది: ‘వాటికి సున్నా వేగం దగ్గరే పూర్తి టార్క్ ఉంటుంది, జాగ్రత్త’ అని. మోటారు ఇవ్వగలదు, సరే, పుచ్చుకునేవాళ్లు ఉండాలి కదా? ప్రొపెల్లర్ పుచ్చుకునే టార్క్ దాని చుట్ల వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సగం చుట్లలో ఉజ్జాయింపుగా నాలుగో వంతే. ఆగి ఉన్న ప్రొపెల్లర్‌కు నీటి నుంచి వచ్చే ప్రతిఘటన సున్నా. బ్రోచర్‌లో అచ్చువేసిన టార్క్ పడవను ఒరిగించదు.

ఇక ఏ వైపు ఒరుగుతుందన్న సంగతి. ఒంటి ఇంజిన్ పడవల ప్రొపెల్లర్లు చాలావరకు కుడిచేతివి. వెనుక నిలబడి చూస్తే ముందుకు నడిచేటప్పుడు గడియారం ముల్లు దిశలో తిరుగుతాయి. ప్రతిచర్యగా పడవ దానికి ఎదురు దిశలో మెలిపడుతుంది, ఎడమ పక్క కిందికి దిగుతుంది. డ్రైవరు సీటు కుడి పక్కన ఉండటానికి ఇదొక కారణం. సముద్ర నియమాల ప్రకారం దారులు అడ్డంగా కలిసేచోట మన కుడివైపునుంచి వచ్చే పడవకు మనమే దారి ఇవ్వాలి, ఆ వైపు బాగా కనిపించాలి కాబట్టి కూడా సీటు కుడిన ఉండటం సౌకర్యం. ఈ రెంటిలో అసలు కారణం ఏదని గంటలకొద్దీ వాదించుకునేవాళ్లను చూశాను. రెండూ పనికొచ్చేవే అయినప్పుడు ఒకదాన్ని ఓడించాల్సిన అవసరం ఏముంది?

ఒక మనిషి బరువంత బలమే అయినప్పుడు కొన్ని పడవలు అంతగా ఎందుకు ఒరుగుతాయి? జవాబు పడవ అడుగులో ఉంది. చదునైన అడుగు పడవకు పక్కకు ఒరగడం బద్ధకం. లోతైన వీ ఆకారపు అడుగున్న పడవ వేగం అందుకుని నీటిపైకి లేచాక నడిమి గీత చుట్టూ సన్నటి పట్టీ మీద మాత్రమే పరుగెడుతుంది. ఆ స్థితిలో కొద్దిపాటి మెలిక కూడా దాన్ని ఒక పక్కకు వాల్చేస్తుంది. అలాంటి పడవలో ఎడమ మలుపు తేలిగ్గా తిరుగుతుంది, కుడి మలుపుకు కొంచెం బతిమాలాలి. అలలను కోసుకుపోయే మెత్తటి ప్రయాణం కోసం వీ అడుగు కోరుకున్నది మనమే కాబట్టి ఈ వాలుడును దాని ధరలో భాగంగా లెక్కగట్టుకోవాలి.

కాకపోతే ఎడమకు వాలిన ప్రతి పడవా టార్క్ వల్ల వాలలేదు. వీ అడుగు పడవలు పక్కగాలి వీస్తే గాలివైపుకే వాలతాయి. గాలి ముక్కును నెట్టేస్తుంటే సరంగు తెలియకుండానే స్టీరింగ్ గాలివైపు పట్టి ఉంచుతాడు, పడవ ఆ వైపుకు వాలి పరుగెడుతుంది. గాలి ఎడమనుంచి వస్తున్న రోజున ఇది అచ్చం టార్క్ లాగే కనిపిస్తుంది. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. అదే వేగంలో వచ్చిన దారినే వెనక్కి తిరగండి. వాలుడు రెండో పక్కకు మారితే అది గాలి. అదే పక్కన ఉంటే గాలిని వదిలేయండి, థ్రాటిల్‌ను కొంచెం కొంచెంగా తగ్గించి చూడండి. థ్రాటిల్‌తోపాటు వాలుడూ తగ్గిపోతే ప్రొపెల్లర్ పని. పడవ నీటిలో ఆగి నిలబడ్డాక కూడా ఎడమకే వంగి ఉంటే బరువు సంగతి చూడాలి: బ్యాటరీలు ఏ పక్కన ఉన్నాయి, ఇంధనం ట్యాంకు ఎటు ఉంది, లంగరు గొలుసు ఎక్కడ కుప్పపోశారు, భారీ మనిషి ఎవరైనా రోజూ ఎడమ సీటులోనే కూర్చుంటున్నారా. ఇంత చిన్న పరీక్ష చేయకుండా వెనుక గోడకు ట్రిమ్ ట్యాబ్‌లు బిగించినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ట్యాబ్‌లు పడవను నిటారుగా నిలబెడతాయి, అందులో అనుమానం లేదు. నీటిని ఈడ్చుతూ నిలబెడతాయి, అంతే తేడా. బ్యాటరీని కుడి పక్కకు జరిపితే ఆ ఈడ్పు ఉండదు.

స్టీరింగ్ లాగడం వేరే కథ, ఇందులోనే అసలు మజా ఉంది. ప్రొపెల్లర్ షాఫ్టు నీటి ప్రవాహానికి సమాంతరంగా ఉన్నంతసేపూ కిందికి దిగే రెక్క, పైకి లేచే రెక్క నీటిని సమానంగా పట్టుకుంటాయి. ఇంజిన్‌ను బయటికి ట్రిమ్ చేస్తే, అంటే దాని కాలును వెనుక గోడకు దూరంగా వాల్చితే, షాఫ్టు వెనుక కొస పైకి లేస్తుంది. అప్పుడు దిగే రెక్క దిగుతూ కొంచెం వెనక్కి, అంటే నీరు పోయే దిక్కుకే జారుతుంది. లేచే రెక్క నీటికి ఎదురెక్కుతుంది. ఎదురెక్కే రెక్కకే పట్టు ఎక్కువ. కుడిచేతి ప్రొపెల్లర్‌లో పైకి లేచే రెక్క ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి తోసే బలమంతా నడిమధ్యనుంచి కొంచెం ఎడమకు జరుగుతుంది, ఇంజిన్ కాలు తన ఇరుసు మీద తిరగబోతుంది, పడవ ఎడమకు లాగుతుంది. లోపలికి ట్రిమ్ చేస్తే అంతా తారుమారై కుడికి లాగుతుంది. విమానాలు నడిపేవాళ్లకు ఇది పాత సంగతే, వాళ్లు దీన్ని పీ-ఫ్యాక్టర్ అంటారు.

గమనించాల్సింది ఏమిటంటే, పడవ ఒరుగుడుకు కారణమైన టార్క్ ట్రిమ్ ఎలా పెట్టినా ఎప్పుడూ ఎడమకే తోస్తుంది. స్టీరింగ్ లాగుడు ట్రిమ్‌ను బట్టి వైపు మార్చుకుంటుంది. వైపు మార్చుకునేది మధ్యలో ఎక్కడో ఒకచోట సున్నా అవ్వక తప్పదు. ఆ చోటు వేళ్లకు దొరుకుతుంది. నిలకడైన వేగంలో, ముందు దారి ఖాళీగా ఉన్నప్పుడు, స్టీరింగ్‌ను రెండు చేతులతోనూ బిగించకుండా తేలిగ్గా పట్టుకోండి. ట్రిమ్ బటన్‌ను బయటి వైపుకు ఒక్కొక్క తట్టుగా నొక్కుతూ పోండి. కుడి అరచేతిని నెడుతున్న చక్రం క్రమంగా బరువు తగ్గి, ఒకచోట ఏ చేతికీ ఆనకుండా నిలబడుతుంది. ఇంకో రెండు తట్లు వేస్తే ఈసారి ఎడమ చేతిని నెట్టడం మొదలుపెడుతుంది. చాలా పడవల్లో ఈ తేలిక చోటు, పడవ హాయిగా పరుగెత్తే చోటు దగ్గర దగ్గరలోనే ఉంటాయి. మరీ దూరంగా ఉంటే ఇంజిన్‌ను వెనుక గోడకు ఏ ఎత్తులో బిగించారో చూడాలి. ఎత్తు మారితే లాగుడు మారుతుంది, ఎందుకంటే పై రెక్క నీటిపొరకు దగ్గరై పట్టు కోల్పోతే కింది రెక్క పక్కకు నెట్టే బలం కూడా లెక్కలోకి వస్తుంది.

దీనికోసమే తయారీదారులు చాలా ఇంజిన్లలో ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డ పలక కింద చిన్న రెక్కలాంటి ట్యాబ్ ఒకటి పెడతారు. తుప్పు నుంచి కాపాడే లోహపు ముక్కగా కూడా అదే పనిచేస్తుంది కాబట్టి చాలామంది దాని రెండో ఉద్యోగాన్ని గుర్తించరు. ఒక్క బోల్టు వదులు చేస్తే అది తిరుగుతుంది. పడవ కుడికి లాగుతుంటే ట్యాబ్ వెనుక అంచును కుడికే తిప్పాలి. ఇక్కడే అందరికీ తికమక. ‘కుడికి లాగుతుంటే ఎడమకు కదా తిప్పాలి’ అంటారు. ట్యాబ్ పడవను తిప్పదు, ఇంజిన్ కాలును తిప్పుతుంది. వెనుక అంచు కుడికి ఉంటే నీరు దాన్ని ఎడమకు నెడుతుంది, ప్రొపెల్లర్ ఎడమకు జరుగుతుంది, పడవ ముక్కు ఎడమకు తిరగాలని చూస్తుంది. కుడి లాగుడుకు విరుగుడు అదే. తిప్పేముందు పాత స్థానం దగ్గర మార్కర్‌తో గీత పెట్టుకుని, అక్కడినుంచి చాలా కొద్దిగా జరిపి, బోల్టు బిగించి, మళ్లీ నీటిలో చూసుకోవాలి. ఒక్కో రవ్వ తేడాకే చక్రం గుణం మారిపోతుంది. ఇంకో షరతు: ఏ వేగంలో, ఏ ట్రిమ్‌లో ఎక్కువసేపు నడుపుతారో దానికే సరిపెట్టాలి, అన్ని వేగాలకూ సరిపోయే స్థానం ఉండదు. వేగం కోసం ఇంజిన్‌ను బాగా పైకి బిగించినవాళ్లకు ట్యాబ్ నీటి బయటే ఉండిపోతుంది, అప్పుడు ఎటు తిప్పినా ఒకటే.

‘నాలుగు రెక్కల ప్రొపెల్లర్ వేయించండి, టార్క్ పోతుంది’ అనే సలహా కూడా తరచు వింటాను. మూడు రెక్కలదానికన్నా అది నీటిని గట్టిగా పట్టుకుంటుంది, పైకి బిగించిన ఇంజిన్‌లో స్టీరింగ్ కొంచెం నెమ్మదించవచ్చు. ఒరుగుడు విషయంలో మాత్రం రెక్కలు మూడైనా ఐదైనా ఇంజిన్ అదే శక్తిని అదే చుట్లలో ఇస్తున్నంతకాలం టార్క్ అంతే. శక్తిని చుట్ల వేగంతో భాగించాక వచ్చేదాన్ని ఏ దుకాణమూ తగ్గించి అమ్మలేదు.

ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ స్టీరింగ్ గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. అది బిగించాక చక్రం ఎటూ లాగదు, చెయ్యి వదిలినా పెట్టిన చోటే ఉంటుంది, సుఖమే. కేబుల్ స్టీరింగ్‌తో పెద్ద ఇంజిన్ నడపమని నేను ఎవరికీ చెప్పను. కానీ లాగుడు పోలేదు, చేతికి కబురు రావడం ఆగిపోయింది, అంతే. ఇంజిన్ కాలు మీద, కడ్డీల మీద, ద్రవం నిండిన సీళ్ల మీద ఆ బలం పనిచేస్తూనే ఉంటుంది. ట్రిమ్ ఎంత తప్పుగా ఉన్నా డ్రైవరుకు తెలియదు. అందుకే ట్రిమ్, ఎత్తు, ట్యాబ్ సరిచూసుకున్నాక హైడ్రాలిక్ పెట్టించుకోవాలంటాను. వరస తిరగేస్తే పడవ చెడ్డగా నడుస్తూ మంచిగా అనిపిస్తుంది.

కేబుల్ స్టీరింగ్ ఉన్నవాళ్లు చక్రం వదలడం మాత్రం వేరే మాట. మంచి వేగంలో, బయటికి ట్రిమ్ చేసిన పడవలో ఒక్క క్షణం చెయ్యి తీస్తే ఇంజిన్ కాలు పక్కకు విసురుగా తిరిగిపోతుంది, పడవ గిరుక్కున మలుపు తీసుకుంటుంది, మనిషి బయట పడతాడు. మనిషి లేని పడవ ఆగదు, గుండ్రంగా తిరుగుతూ నీటిలో ఉన్నవాడి దగ్గరకే మళ్లీ వస్తుంది. ఇంజిన్ ఆపే తాడును ఒంటికి తగిలించుకోవడం అమెరికాలో 26 అడుగులలోపు మరపడవలకు 2021 ఏప్రిల్ 1 నుంచి సమాఖ్య చట్టం అయింది. చట్టం ఉన్నా లేకున్నా ఆ తాడు స్టీరింగ్ పక్కన కొక్కేనికి వేలాడుతూ ఉంటే నేను ఆ పడవ ఎక్కను.

రివర్స్‌లో జరిగే పక్క నడక గురించి పెద్దగా చెప్పేది లేదు. కుడిచేతి ప్రొపెల్లర్ రివర్స్‌లో వెనుక భాగాన్ని ఎడమకు లాగుతుంది. అవుట్‌బోర్డ్‌లో ప్రొపెల్లర్‌నే తిప్పుకోగలం కాబట్టి సర్దుకోవచ్చు. ఇంజిన్ లోపల ఉండి, విడిగా చుక్కాని ఉన్న పడవలో రివర్స్ వేసినప్పుడు చుక్కానికి నీటి తోపు అందదు, పక్క నడకదే రాజ్యం. దానితో పోట్లాడే బదులు ఎడమ పక్కను గట్టుకు ఆనించేలా కోణంగా వచ్చి, చివర్లో రివర్స్ ఒక్క తోపు ఇస్తే వెనుక భాగం తనంతట తానే గట్టుకు చేరుతుంది. కుడి పక్కను ఆనించాల్సి వస్తే ఓపికగా, కోణం తగ్గించి, దాదాపు ఆగినంత నెమ్మదిగా రావాలి.

గరిష్ఠ వేగంలో పడవ అటూ ఇటూ దొర్లడాన్ని చైన్ వాక్ అంటారు. పడవ అడుగు పక్క గోడను కలిసే అంచు చైన్, పడవ ఆ రెండు అంచుల మీద మార్చి మార్చి అడుగు వేస్తున్నట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. మొదటి తోపు టార్క్‌దే: సన్నటి పట్టీ మీద నిలబడ్డ పడవను ఎడమకు వాలుస్తుంది. ఆ తర్వాతది మాత్రం డ్రైవరు పుణ్యం. వాలుడును సరిచేయబోయి స్టీరింగ్ కుడికి కొడతాడు, స్టీరింగ్‌లో ఉన్న సందు వల్ల ఆ కదలిక ఆలస్యంగా అందుతుంది, అప్పటికి పడవ కుడికి పడుతుంటుంది, అతను ఎడమకు కొడతాడు. ప్రతి సవరణా ఊపును పెంచుతుంది. స్టీరింగ్ సందు తీసేయించడం, దొర్లుడు మొదలవగానే థ్రాటిల్ తగ్గించడం తప్ప దీనికి మంత్రం లేదు. నైపుణ్యంతో దీన్ని దాటి వేగం పెంచేవాళ్లు ఉన్నారు, వాళ్లు ఈ వ్యాసం చదవాల్సినవాళ్లు కారు.

టార్క్‌ను నిజంగా రద్దు చేసే దారి పాతదే: ఒకదానికొకటి ఎదురు తిరిగే రెండు ప్రొపెల్లర్లు. జాన్ ఎరిక్‌సన్ 1836 నాటి పేటెంట్‌లోనే ఎదురు తిరిగే జోడు చక్రాలు ఉన్నాయి. ఒరిగితే దారి తప్పే టార్పీడోలకు ఇది తప్పనిసరి అవసరమైంది. వినోదపు పడవలకు 1982లో వోల్వో పెంటా డ్యుయోప్రాప్‌తో వచ్చింది, సుజుకీ 2017లో 350 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్‌లోనూ, మెర్క్యురీ 2021లో 600 హార్స్‌పవర్ వీ12లోనూ ఇదే దారి పట్టాయి. ముందు ప్రొపెల్లర్ నీటికి ఇచ్చిన సుడిని వెనుకది తిరిగి రాబట్టుకుంటుంది, కాబట్టి నిటారు నడకతోపాటు తోపు కూడా మెరుగవుతుంది. జెట్ పడవల్లో పంపు వెనుక ఉండే కదలని రెక్కలు ఆ సుడిని సరిచేసి ఇదే పని చేస్తాయి. జంట ఇంజిన్లు పెట్టుకున్నవాళ్లు కుడిన కుడిచేతి ప్రొపెల్లర్, ఎడమన ఎడమచేతి ప్రొపెల్లర్ పెడితే ఒరుగుడు, లాగుడు రెండూ ఒకదానితో ఒకటి సరిపోతాయి. గట్టు దగ్గర ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి వేసి తిప్పేటప్పుడు పక్క నడక కూడా కలిసివస్తుంది.

జోడు ప్రొపెల్లర్‌కు అదనపు గేర్లు, అదనపు బరువు, రెండు ప్రొపెల్లర్ల ఖర్చు, బాగా ఎక్కువ వేగంలో అదనపు రెక్కల ఈడ్పు ఉంటాయి. బరువైన పడవను నెమ్మదిగా, నిలకడగా, రోజంతా నడపాల్సినవాళ్లకు ఆ ఖర్చు దండగ కాదని నా నమ్మకం. తేలికపాటి ఒంటి ఇంజిన్ పడవ ఉండి, స్టీరింగ్ కొంచెం లాగుతోందని జోడు ప్రొపెల్లర్ కోసం ఆరా తీసేవాళ్లను మాత్రం ముందు ఆ ట్యాబ్ బోల్టు ఎప్పుడు ఆఖరిసారి విప్పారని అడుగుతాను. ఇప్పటిదాకా నాకు సూటిగా జవాబు చెప్పినవాళ్లు తక్కువ.